మూడో మలుపు దగ్గర రోడ్డు

దెయ్యాలు లేవని నాకు తెలిసినంత గట్టిగా ఇంకెవరికీ తెలిసి ఉండదు. ఎందుకంటే మారేడుమిల్లి ఘాట్ రోడ్డు మీద తిరుగుతుందని చాలామంది చెప్పుకునే ఒక దెయ్యాన్ని తయారుచేసింది నేనే. తెల్లగుర్రం మీద వచ్చే దొర. ఒక కాలికి బూటు ఉండదు. ఆ బూటు వెతుక్కుంటూ మా కాటేజీ వరండా దాకా వస్తాడు. ఆ దొరకి గుర్రాన్ని ఇచ్చిందీ నేనే, బూటు ఊడబీకిందీ నేనే. చలిమంట దగ్గర కూర్చున్న గెస్టులకి ఏదో ఒకటి చెప్పాలి కదా.

ఒకసారి భీమవరం నుంచి వచ్చిన ఒకాయన నా దొర కథ నాకే చెప్పాడు. వాళ్ళ మేనమామ కళ్ళారా చూశాడట. దొర ఇంగ్లీషులో బూతులు తిట్టాడట కూడా. నేను భయపడ్డట్టు మొహం పెట్టి విన్నాను.

అలాంటివాణ్ణి కాబట్టి, ఇప్పుడు చెప్పబోయేది నమ్మమని అడిగే మొహం నాకు లేదు. మా చుట్టాల్లో నా మాటని సగానికి సగం తగ్గించుకుని వింటారు. అందుకని ఇది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఎక్కడా ఏమీ కలపలేదు.

ముందు ఆ ఇంటి సంగతి చెప్పాలి.

మాది కొత్తపేట దగ్గర ఒక పల్లె. నాన్న స్కూలు మాస్టారు. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఏజెన్సీలో వేశారు. ఆ రోజుల్లో ఏజెన్సీలో వేశారంటే ఇంట్లో ఏడుపులే, మన్యం జ్వరం వస్తే మనిషి దక్కడని. అందరూ ఏడాది తిరక్కుండా ఎవర్నో పట్టుకుని బదిలీ చేయించుకుని కిందికి వచ్చేసేవారు. నాన్న పదకొండేళ్ళు ఉండిపోయాడు. ఎందుకని ఎవరైనా అడిగితే, "అక్కడ చొక్కా తడవదండి," అనేవాడు. కోనసీమలో వేసవి కాలం గడిపినవాళ్ళకి ఆ మాట అర్థమవుతుంది.

ఆ స్కూల్లోనే చిన్నారెడ్డి గారని ఇంకో మాస్టారు ఉండేవారు. కొండరెడ్లు. నాన్నకి జ్వరం వచ్చి ఒళ్ళు తెలియకుండా పడిపోతే, వెదురు మంచం మీద పడుకోబెట్టి, తనూ ఇంకో ముగ్గురూ బస్సు దొరికే చోటు దాకా మోసుకొచ్చారట. బతికి బట్టకట్టి మళ్ళీ పైకి వెళ్ళిన నాన్నతో, ఆయన తన పొలం పక్క జాగా చూపించి, "ఇక్కడో ఇల్లేసుకో మాస్టారూ, ఎండాకాలం పిల్లలొచ్చి ఉంటారు," అన్నారట.

ఏజెన్సీలో గిరిజనులు కాని మాలాంటివాళ్ళ పేరున స్థలం రాయడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని కాగితం లేదు. స్థలం వాళ్ళది, గోడలు మావి. ఇప్పటికీ అంతే. నోటిమాట మీద నడుస్తోంది.

రెండు గదుల పెంకుటిల్లు, ముందు పొడుగాటి వరండా. నేనూ అక్కా వేసవి సెలవలన్నీ అక్కడే గడిపాం. అమ్మకి మాత్రం ఆ ఇల్లు నచ్చేది కాదు. ఆవకాయ రోజుల్లో తనని కొండ మీదికి తీసుకెళ్తారని కోపం. "ఇదేం ఎండండీ, ముక్కలు ఆరవు, జాడీలన్నీ బూజు పడతాయి," అని నాన్నని సాధించేది. నాన్న ఆ జాడీలు మోసుకుని ఎక్కడ ఎండ పొడ పడితే అక్కడికి తిరిగేవాడు. స్కూలు పిల్లలు కూడా నవ్వేవారట.

అమ్మ పోయాక, రిటైరయ్యాక నాన్న అక్కడే ఎక్కువగా ఉండేవాడు. వానలో ఆగిపోయినవాళ్ళు, బండి చెడిపోయినవాళ్ళు వస్తే ఒక గది తీసి ఇచ్చేవాడు. తరవాత్తరవాత మారేడుమిల్లికి జనం రావడం మొదలైంది. బొంగు చికెన్ కోసం, జలపాతాల కోసం కార్లు బారులు తీరాయి. నాకు రాజమండ్రిలో మోటారు పంపుల షాపు. బుర్ర ఖాళీగా ఉండదు కదా. ఇంకో రెండు గదులు కట్టించాను. గీజర్లు పెట్టించాను, బోర్డు రాయించాను. పెంకుటిల్లు కాటేజీ అయింది. చిన్నారెడ్డి గారు అప్పటికే పోయారు. వాళ్ళమ్మాయి కాంతం వంటా, ఇల్లూ చూసుకునేది. వచ్చినదాంట్లో వాళ్ళకి సగం, మాకు సగం.

నాన్నకి నచ్చనిది ఒక్కటే. "వచ్చినవాళ్ళని ఎప్పుడెళ్తారని అడక్కూడదురా. నువ్వేమో వాళ్ళు రాకముందే ఆ తేదీ రాయించుకుంటున్నావు," అనేవాడు. అయినా ఎవరి కారు వచ్చినా గేటు దగ్గరికి ఆయనే ముందు వెళ్ళేవాడు. "భోజనాలయ్యాయా?" అనేవాడు. పొద్దున్న తొమ్మిదింటికి వచ్చినా అదే ప్రశ్న.

అలా నాలుగేళ్ళు బాగా గడిచింది. ఒక వానాకాలం పొద్దున్న స్నానాల గది ముందు నాచు మీద జారి నాన్న తుంటి విరిగింది. రాజమండ్రి తీసుకొచ్చాం. ఆపరేషన్ అయింది కానీ మళ్ళీ నడవలేదు. పద్నాలుగు నెలలు మా ఇంట్లో కిటికీ పక్కన మంచం మీద ఉన్నాడు.

రోజూ ఒకటే అడిగేవాడు. "పైకి ఎప్పుడెళ్దాంరా?"

నేను మొదట వానలన్నాను. వానలు తగ్గాక అడిగితే నోటికొచ్చింది చెప్పేశాను. "ఘాట్ రోడ్డు కొట్టుకుపోయింది నాన్నా. మన ఇంటికి ఇవతల మూడో మలుపు దగ్గర. కార్లు వెళ్ళట్లేదు."

ఒక్క రోజుతో సరిపోతుందనుకున్నాను. మర్నాడు పొద్దున్నే, "రోడ్డు సంగతేమైంది?" అన్నాడు. ఇంక నా సహజగుణం ఊరుకోలేదు. జేసీబీ వచ్చింది నాన్నా అన్నాను. మర్నాడు ఆ జేసీబీ చెడిపోయింది. సామాను కోసం డ్రైవరు కాకినాడ వెళ్ళాడు. కాకినాడలో దొరక్క వైజాగ్ వెళ్ళాడు. ఈలోగా కాంట్రాక్టరు కూతురికి సంబంధం కుదిరింది. పనివాళ్ళంతా పెళ్ళికెళ్ళిపోయారు. పెళ్ళిలో పప్పు మాడిపోయి మగపెళ్ళివారు అలిగారు.

నాన్న కళ్ళు పెద్దవి చేసుకుని వినేవాడు. నేను షాపు నుంచి రాగానే, "జేసీబీ వచ్చిందా?" అని అడిగేవాడు. అమ్మ పోయాక ఆయన మొహంలో అంత ఆసక్తి నేను చూడలేదు. ఆ మాట చెప్పుకుని నన్ను నేను చాలాకాలం మోసం చేసుకున్నాను.

ఎందుకంటే తీసుకెళ్ళడానికి అడ్డేమీ లేదు. డాక్టరు గారు, జాగ్రత్తగా అయితే తీసుకెళ్ళొచ్చు అనే చెప్పారు. అక్క అమలాపురం నుంచి ప్రతి ఆదివారం వచ్చేది. వచ్చినప్పుడల్లా వంటింట్లోకి పిలిచి గొడవపడేది.

"వెనక సీట్లో పరుపేసి పడుకోబెడదాంరా. నేనూ వస్తాను. ఒక్క పూట ఆ వరండాలో ఉంచి తీసుకొచ్చేద్దాం."

"వచ్చే వారం చూద్దాంలే అక్కా."

"నీ వచ్చే వారాలు నాకు తెలుసు. నాన్నకి తెలీదనుకుంటున్నావా ఏంటి? ముప్పయ్యేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పినాయన. హోంవర్కు కుక్క తినేసిందన్నవాళ్ళని ఎంతమందిని చూసి ఉంటాడు?"

అసలు కారణం రాయాలి. అక్కడికి వెళ్తే నాన్న తిరిగి రానంటాడని నా భయం. రానంటే ఏం చెయ్యాలో నాకు తెలీదు. గెస్టులుండే చోట వరండాలో మంచం మీద మనిషి ఉంటే ఎవరొస్తారు అని కూడా అనుకున్నాను. ఈ రెండో ముక్క అక్కకి ఇప్పటిదాకా చెప్పలేదు. చదివితే తెలుస్తుంది.

కార్తీక మాసంలో ఒక ఆదివారం నాన్న పోయాడు. పొద్దున్న ఏడున్నరకి నేను ఆయనకి గడ్డం గీస్తుంటే, "రోడ్డు ఎందాకా వచ్చింది?" అన్నాడు. "అయిపోయినట్టే నాన్నా, తారు పోస్తున్నారు," అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "తారు పోస్తే ఆరాలి కదరా," అన్నాడు. మా మధ్య జరిగిన ఆఖరి మాట అది. ఎనిమిదింబావుకి నా భార్య కాఫీ తీసుకెళ్ళేసరికి పలకలేదు. పక్క వీధి డాక్టరు గారు వచ్చి చూసినప్పుడు గోడ గడియారం ఎనిమిదిన్నర. అప్పటికే అయిపోయిందన్నారు.

తలకొరివి పెట్టినవాణ్ణి కాబట్టి ఆ పదకొండు రోజులూ గడప దాటడానికి లేదు. ఫోను నా భార్య దగ్గర పెట్టేశాను. ఆ వారాంతంలో కాటేజీలో తణుకు నుంచి వచ్చిన ఒక కుటుంబం ఉందని కూడా గుర్తులేదు.

మూడో రోజు, చిన్నకర్మ అయ్యాక, నా భార్య ఫోను తెచ్చిచ్చింది. "ఆ తణుకు టీచరు గారు. ఆదివారం నుంచి చేస్తున్నారుట. మావయ్య గారి గురించి అడుగుతున్నారు."

పరామర్శకేమో అనుకుని తీసుకున్నాను.

"మీ నాన్నగారు ఇల్లు చేరారా అండి?" అంది ఆవిడ.

ఆవిడే చెప్పుకుపోయింది. అంత పెద్దాయన్ని ఒక్కర్నీ అక్కడ వదిలి రావడానికి మనసొప్పలేదండి, అప్పుడే మీకు ఫోన్ చేశాను, ఎత్తలేదు, మూడు రోజులుగా అదే దిగులు అంది.

ఆవిడ చెప్పింది ఇదీ.

ఆదివారం పొద్దున్న వాళ్ళు బయల్దేరే హడావిడిలో ఉన్నారు. ఆవిడ భర్త, ముగ్గురు పిల్లలు లోపల సామాన్లు సర్దుతున్నారు. ఈవిడ గ్లాసులు తీద్దామని వరండాలోకి వచ్చేసరికి ఒక పెద్దాయన మెట్ల దగ్గర వంగి ఏదో చేస్తున్నాడు. తెల్ల పంచె, చేతుల బనీను, కాళ్ళకి చెప్పుల్లేవు. ఈవిణ్ణి చూసి, "భోజనాలయ్యాయా తల్లీ?" అన్నాడు. ఇంకా టిఫినే చెయ్యలేదండి అని నవ్వింది. మీరెవరండి అంటే, "ఈ ఇల్లు కట్టినవాణ్ణి," అన్నాడట. ఆయన్ని కుర్చీలో కూర్చోమంటే మెట్టు మీదే కూర్చున్నాడు.

"మీరు కారులోనే వచ్చారా?" అని అడిగాడు.

"అవునండి."

"రోడ్డెలా ఉంది?"

"అద్దంలా ఉందండి. ఎక్కడా ఒక్క గుంట లేదు."

"మూడో మలుపు దగ్గర?"

"అక్కడా బావుందండి. ఏం, ఎప్పుడైనా పాడైందా?"

అప్పుడు ఆయన నవ్వాడట. చాలాసేపు నవ్వాడట. నవ్వి, "మావాడు బాగా చెప్తాడు తల్లీ," అన్నాడట.

ఆవిడకి అర్థం కాలేదు. మీరెలా వచ్చారు, ఎవరు దింపారు, మేం రాజమండ్రి మీదుగానే వెళ్తున్నాం, ఎక్కండి దింపేస్తాం అంది. ఆయన తల అడ్డంగా ఊపి, "ఇప్పుడేగా వచ్చాను," అన్నాడు. లోపల పిల్లవాడు పిలిస్తే వెళ్ళింది. తిరిగొచ్చేసరికి మెట్టు మీద లేడు. ఇంటి చుట్టూ చూశారు, ఆమె భర్త కారు తీసుకుని రోడ్డు మీద రెండు వైపులా కొంతదూరం వెళ్ళొచ్చాడు. కనపడలేదు.

నేను ఏమీ చెప్పకుండా, "ఎన్నింటికండి?" అన్నాను. ఆవిడ, ఉండండి, మేం ఆయన్ని వెతకడానికి దిగకముందే పాప ఇంటి ఫొటో తీసింది, అందులో టైముంటుంది అని వాట్సాప్‌లో పంపింది. ఎనిమిదీ నలభై. ఫొటోలో ఎవరూ లేరు. వరండా, మెట్లు, మెట్ల కింద ఐదు జతల చెప్పులు. ఐదు జతలూ ఒక వరసలో, ముందు వైపు బయటికి తిరిగి ఉన్నాయి.

ఆ చెప్పుల్ని చూశాక నేను ఫోను నేల మీద పెట్టేశాను. నాన్న ఎవరింట్లో ఉన్నా, ఎవరొచ్చినా, వాళ్ళు లోపలికి వెళ్ళగానే విడిచిన చెప్పుల్ని బయటికి తిప్పి పెట్టేవాడు. వెళ్ళేటప్పుడు వంగి వెతుక్కోకుండా కాలు పెట్టుకుని పోవచ్చని. స్కూల్లో తరగతి గది బయట వందమంది పిల్లల చెప్పులు అలాగే ఉండేవట. ఆవిణ్ణి తరవాత అడిగాను, మీరే పెట్టుకున్నారా అని. "మా ఇంట్లోనా? ఒక చెప్పు వీధిలో, ఒక చెప్పు దొడ్లో ఉంటాయండి," అంది.

నేను నమ్మకుండా ఉండడానికి చెయ్యగలిగినదంతా చేశాను. కాంతానికి ఫోన్ చేశాను. తను ఆ పొద్దున్న చుట్టాల పెళ్ళికి వెళ్ళి పదింటికి వచ్చింది. ఎవర్నీ చూడలేదంది. ఊళ్ళో ముసలివాళ్ళు ఎవరైనా వచ్చి ఉంటారా అంటే, "మనోళ్ళెవరన్నా ఆ ఇల్లు నేను కట్టానంటారా అన్నయ్యా?" అంది. గోడ మీద నాన్న ఫొటో చూసి ఆవిడ ఏదో ఊహించుకుందేమో అనుకున్నాను. అప్పటికి గోడ మీద ఫొటో లేదు. నాన్న బతికుండగా ఆయన ఫొటో గోడకి ఎందుకు తగిలిస్తాం? ఆ కుటుంబం అక్కడికి రావడం అదే మొదటిసారి. మూడో మలుపు సంగతి నాన్నకీ నాకూ, మా ఇంట్లోవాళ్ళకీ, అక్కకీ తప్ప ఎవరికీ తెలీదు. అది లేని సంగతి కదా, ఇంకెవరికి తెలుస్తుంది?

ఇవన్నీ పక్కన పెట్టినా, ఆ నవ్వు నన్ను వదల్లేదు.

నాన్నకి రెండు నవ్వులుండేవి. ఒకటి అమ్మ సాధింపులకి నవ్వేది. కడుపులోంచి వచ్చేది. ఇంకోటి తరగతిలో నవ్వేది. ఎవడైనా అబద్ధం చెప్పి దొరికిపోతే ముందు బాగా నవ్వేవాడట. క్లాసంతా నవ్వేదట. ఆ తరవాత ఆ పిల్లాడితో ఆ ఏడాదంతా మాట్లాడేవాడు కాదట. కొట్టడం కంటే అదే పెద్ద శిక్ష అని ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ చెప్తారు.

టీచరు గారికి మళ్ళీ ఫోన్ చేశాను. ఆయన ఎలా నవ్వారండి అని అడిగాను. మామూలుగానే నవ్వారండి అంది. సంతోషంగానా, ఇంకోలాగానా అన్నాను. ఆవిడ పాపం చాలా ఆలోచించింది. నవ్వు నవ్వులాగే ఉందండి అంది. అప్పుడు నాన్న పోయిన సంగతి చెప్పాను, ఎన్నింటికి పోయాడో కూడా చెప్పాను. ఆ తరవాత ఆవిడ నా ఫోను ఎత్తడం మానేసింది. ఆవిడ తప్పేమీ లేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఒక్కణ్ణే పైకి వెళ్ళాను. మూడో మలుపు దగ్గర కారు ఆపి దిగాను. ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. ఇంటికి వెళ్ళి పొద్దు వాలేదాకా నాన్న కూర్చున్నాడన్న మెట్టు పక్కన కూర్చున్నాను. కాంతం అన్నం పెడితే తిన్నాను. ఏమీ జరగలేదు. ఎవరూ రాలేదు. నాకు చలి వేసింది, అంతే.

కాటేజీ ఇంకా నడుస్తోంది. దొర కథ చెప్పడం మానేశాను. గెస్టులే చెప్పుకుంటున్నారు, అది ఆపడం నా చేతిలో లేదు. ఆ పొద్దున్న అక్కడికి వచ్చింది ఎవరో, రాజమండ్రిలో మంచం దిగలేని మనిషి అంత దూరం ఎలా వెళ్తాడో, చెప్పుల్ని ఎవరు తిప్పారో నాకు ఇప్పటికీ తెలీదు. చదువుకున్నవాళ్ళు ఎవరైనా ఇదీ సంగతి అని తేల్చి చెప్తే వింటాను.

అక్కకి చెప్పడానికి రెండు నెలలు పట్టింది. అమలాపురంలో వాళ్ళింట్లో మధ్యాహ్నం, తను చిక్కుడుకాయలు ఒలుస్తుంటే చెప్పాను. మొదటినుంచీ చివరిదాకా తలెత్తకుండా వింది.

"ఇది కూడా అల్లావా?" అంది.

"లేదక్కా. ఒట్టు."

"నీ ఒట్లు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసులే."

ఫొటో చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చూసింది. వేలితో పెద్దది చేసి చెప్పుల దగ్గర చూసింది. ఫోను ఇచ్చేసి మళ్ళీ చిక్కుడుకాయలు తీసుకుంది. చాలాసేపటికి, నా వంక చూడకుండా అడిగింది.

"ఎలా నవ్వాడుట?"

మంచి నవ్వే నవ్వాడటక్కా, అమ్మ మాటలకి నవ్వే నవ్వు, అనడానికి నాకు క్షణం పట్టదు. అది ఎలా చెప్తే అక్క నమ్ముతుందో కూడా నాకు తెలుసు.

"నాకు తెలీదక్కా," అన్నాను.

అక్క ఒలిచిన గింజలూ తొక్కలూ ఒకే గిన్నెలో వేసుకుంటూ కూర్చుంది. కలిసిపోతున్నాయని నేను చెప్పలేదు.